పున్నమ్మ తాగిన గంజి

అనగనగా ఒక నేతగాళ్ళ ఊళ్ళో చౌడయ్య, భద్రమ్మ అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. వాళ్ళకి ఇద్దరు మగపిల్లలు. పగలంతా మగ్గం ఆడితేనే పొయ్యి మీద ఎసరు కాగే ఇల్లు వాళ్ళది.

ఒక వానాకాలం చౌడయ్య అక్కా బావా విషజ్వరంతో పోయారు. వాళ్ళ కూతురు పున్నమ్మ ఒక్కతే మిగిలింది. అప్పుడు చౌడయ్య వెళ్ళి మేనకోడల్ని చంకనెత్తుకుని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో అందరి ముద్దలూ చిన్నవయ్యాయి.

పక్కింటి పిన్ని ఊరుకుంటుందా? "ఉన్నవాళ్ళకే చాలదు గదయ్యా, ఆ పిల్లని ఎక్కడన్నా హాస్టల్లో వెయ్యి" అంది. చౌడయ్య నోరు మెదపలేదు. తలుపు వెనకాల పున్నమ్మ అంతా విన్నది. తక్కువ తింటే నన్ను పంపరులే అనుకుంది, పిచ్చితల్లి.

పొద్దున చద్దన్నం పెడితే "ఆకలి లేదత్తా" అంది. మధ్యాహ్నం పెడితే "కడుపునొప్పి అత్తా" అంది. రాత్రి తన ముద్ద చిన్నబావకి పెట్టేసింది. నీలా మారాం చేసి కాదురా కన్నా, ఆకలేస్తున్నా మానేసింది.

నేతగాళ్ళ ఇళ్ళల్లో పడుగుకి, అంటే మగ్గం మీద నిలువు పోగులకి, చిక్కటి గంజి పట్టిస్తారు. పట్టించకపోతే నేసేటప్పుడు అవి పుటుక్కున తెగిపోతాయి. అందుకని మంచి గంజి ముందు నూలుకే, మనుషులకి తర్వాత.

మర్నాడు పొద్దున్నే భద్రమ్మ గంజి కుండ దించి, వీధిలో పడుగు పరవడానికి మొగుడికి సాయం వెళ్ళింది. వచ్చి చూస్తే కుండలో సగం లేదు. పక్కనే పున్నమ్మ, మూతినిండా గంజి.

"అయ్యో, పడుగు పరిచేశామే! ఇప్పుడెలా?" అని భద్రమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ కేకకి చౌడయ్య పరిగెత్తుకొచ్చాడు.

పున్నమ్మ గబగబా మూతి తుడుచుకుంది. "హాస్టల్‌కి పంపకు మావయ్యా. ఇంకెప్పుడూ తినను" అంది.

చౌడయ్య అక్కడే చతికిలబడ్డాడు. "నూలుకి కడుపునిండా పెడుతున్నానే, మా అక్క బిడ్డ ఆకలి కనిపెట్టలేకపోయానే" అని వలవలా ఏడ్చాడు. అప్పుడు భద్రమ్మ మిగిలిన గంజిలో ఉప్పేసి పిల్ల చేతికిచ్చింది. "తాగు తల్లీ. పడుగు సంగతి రేపు చూసుకుందాం" అంది.

ఆ తర్వాత చౌడయ్య కళ్ళు తుడుచుకుని పక్కింటి గోడ దగ్గరకెళ్ళాడు. "పిన్నీ, మొన్న చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా. మా పిల్ల ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఆ రోజు మగ్గం ఆడలేదు. ముద్దలూ పెద్దవి కాలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో గంజి దించగానే మొదటి గరిటె పున్నమ్మకి, ఆ తర్వాతే పడుగుకి.

కథేమో కంచికి,
గంజేమో కంచానికి,
మనమేమో మంచానికి!