గాజుపెట్టెలో బోర్లు

"మాస్టారూ, ఏ బోరు తోడితే ఏ బోరు ఎండుతుందో లెక్క మన దగ్గరుంది. అది చెప్పేస్తే సరిపోయేదానికి, తలలు నెరిసినవాళ్లచేత ఈ ఆటలెందుకు?" అని అడిగింది హిమజ. భూగర్భజలాల చదువు పూర్తిచేసి, ఊళ్లలో పని నేర్చుకోవడానికి చిదంబరయ్య మాస్టారి దగ్గర చేరిన పిల్ల. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మాస్టారికి ఏనాడూ లేదు. ఊళ్లలో ఆ ఆట ఆడించే గాజుపెట్టెను జీపులో పెట్టించమన్నారు.

వాళ్లు వెళ్లింది అనంతపురం వైపు ఒక పల్లెకు. అక్కడ ఓబుల్‌రెడ్డి మర్నాడు బోరు లారీని రమ్మన్నాడు. అతని బోరు ఇంకా లోతుకు దిగితే గట్టు అవతలి గంగులమ్మ చీనీతోటలో బత్తాయి చెట్లన్నీ ఎండిపోవడం ఖాయం. ఆమెకున్న ఆధారమల్లా ఆ తోటే. ఎవరు నచ్చజెప్పినా ఓబుల్‌రెడ్డిది ఒకటే మాట, నా పొలంలో నేను వేసుకుంటున్నానని.

మాస్టారు ఊరివాళ్లందరి ముందు పెట్టెలో ఇసుక నింపి, ఇదే ఈ ఏటి వాన అంటూ చెంబుడు నీళ్లు పోశారు. ఇసుకలో గుచ్చే గొట్టాలే బోర్లు, వాటికి తగిలించిన సిరంజిలే మోటార్లు. గ్లాసు నిండితే పంట పండినట్టు. పొట్టి గొట్టాలు ఓబుల్‌రెడ్డికి, గంగులమ్మకు ఇచ్చి, పొడుగుది హిమజ చేతిలో పెట్టారు. నీళ్లు గాజులోంచి అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఓబుల్‌రెడ్డి నీటిజాడ చూడ్డానికి ఇంట్లోంచి కొబ్బరికాయ తెప్పించి, అరచేతిలో అది నిక్కి నిలబడ్డ చోటే తన గొట్టం గుచ్చాడు. అంత నమ్మకంగా గుచ్చిన మనిషిని ఎవరు మాత్రం ఆపుతారు?

తోడడం మొదలైంది. కాసేపటికే పొట్టి గొట్టాలు రెండూ ఎండిపోయాయి.

"ఆపు తల్లీ, నాకు గాలి తప్ప ఏం రాలే" అన్నాడు ఓబుల్‌రెడ్డి.

"ఒక్క నిమిషం, నాది నిండబోతోంది" అంది హిమజ తలెత్తకుండా.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓబుల్‌రెడ్డి నవ్వలేదు. తన ఖాళీ గ్లాసు చూసుకుని, పక్కనున్న గంగులమ్మ ఖాళీ గ్లాసు చూశాడు. పాపం, అతనికి నిజంగానే సిగ్గేసింది. పక్కకెళ్లి లారీని రావద్దని ఫోన్ చేసి వచ్చి, మళ్లీ వాన పోయమన్నాడు. ఈసారి వంతులు పెట్టుకుని తోడదామంది గంగులమ్మ.

 తిరుగు ప్రయాణంలో హిమజ, తను అలా ఎందుకు తోడిందో తనకే తెలియడం లేదంది.

మాస్టారు పెట్టెలోని తడి ఇసుకను చూస్తూ, "లెక్క నీ దగ్గరుందిగా అమ్మా" అన్నారు.