లచ్చి సొంత రంగు

ఆచార్య పేరిందేవి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పేవారు కాదు, కుర్చీలోంచి లేచేవారు. లేచారంటే ఏదో చేసి చూపిస్తారని అర్థం. అడిగినవాడు వెనకాలే నడవాలి. విశాఖలో కొండవాలు మీద ఉన్న ఆ లేజర్ ప్రయోగశాలలో చదువుకున్న మేమంతా అలా ఆవిడ వెనక నడిచినవాళ్లమే. పుస్తకంలో ఉన్న జవాబుకు నేనెందుకు, లైబ్రరీ ఉంది కదా అనేవారు.

మాలో అనకాపల్లి అబ్బాయి సింహాద్రి ఒక లేజర్ కడుతున్నాడు. మామూలు లేజర్ ఒక్క రంగుకే కట్టుబడి ఉంటుంది. ఇతను కట్టేది మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా, మధ్యలో ఎక్కడా తెగకుండా రంగు మార్చుకుంటూ పోవాలి. అవి కంటికి కనబడని రంగులు, ఎరుపుకు అవతలివి. కంప్యూటర్ తెర మీద నిటారు గీతగా మాత్రమే కనిపిస్తాయి. ఊళ్లోని కంటి డాక్టరమ్మ ఒకావిడ దానికోసం ఎదురుచూస్తున్నారు. రంగుల మేర ఎంత వెడల్పయితే కంటి వెనక పొరలు అంత విడివిడిగా తెలుస్తాయట. శుక్రవారం వచ్చి చూస్తానన్నారు. అప్పటికి మేర చాలకపోతే ఆవిడ వేరే దారి చూసుకుంటారు, సింహాద్రి ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

ఈ లేజరులో వెలుగు పుట్టేది నూకగింజంత చిప్పులో. దాని రెండు ముఖాలూ రెండు చిన్న అద్దాలు. ఆ అద్దాల మధ్య అటూ ఇటూ తిరిగి వెలుగు బలపడుతుంది, చిప్పు తన సొంత రంగులో తానే వెలుగుతుంది. దానికి ఎదురుగా సన్నని గీతలు చెక్కిన పలక ఒకటి పెడతారు. వాలును బట్టి అది ఒక్క రంగునే చిప్పులోకి తిప్పి పంపుతుంది. ఆ పలకను తిప్పుతూ ఇప్పుడు ఈ రంగు, ఇప్పుడు ఆ రంగు అని చెప్పాలి. సింహాద్రి చిప్పు భేషుగ్గా వెలిగేది. మొదటిసారి వెలిగిన రోజున దానికి లచ్చి అని పేరుపెట్టి, మాడుగుల హల్వా తెప్పించి మా అందరికీ పంచాడు. అయితే లచ్చి నడిమి రంగుల్లో చెప్పినట్టు వినేది గానీ, అంచులకు తీసుకెళ్లేసరికి గీత చటుక్కున ఎగిరి తన సొంత రంగు దగ్గరికి వచ్చేసేది, అమ్మేసిన ఆవు తాడు తెంపుకుని పాత పశువుల సాలకే వచ్చినట్టు. ఇంకా బలమైన పలక పెట్టాడు. మరలు బిగించాడు. చిప్పును చల్లబరిచాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, ఇక్కడ మొండివాళ్లు ఇద్దరు.

చేయాల్సిందేమిటో అతనికి తెలియక కాదు. పలక వైపున్న ముఖానికి, వెలుగును వెనక్కి కొట్టనివ్వని సన్నటి పూత వెయ్యాలి. వేస్తే ఆ ముఖం ఇక అద్దం కాదు, లచ్చి ఇక తనంతట తాను వెలగదు. పడ్డ పూతను తీయడమంటూ ఉండదు. చెడితే చిప్పు పోయినట్టే, అలాంటిది మరొకటి లేదు. అందుకని ఆ ఒక్క పనీ తప్ప తక్కినవన్నీ చేశాడు. మేమూ నోరెత్తలేదు, హల్వా తిన్నాం మరి.

బుధవారం పొద్దుగూకే వేళ పేరిందేవి గారి గదికి వెళ్లాడు. వెంట నేనూ ఉన్నాను.

“ఇంకెంత గట్టిగా సెప్పాలి మేడమ్ దీనికి? ఎంత పలకెట్టినా ఇనదేటి?” విసుగొస్తే అతనికి ఇంటి భాష వచ్చేసేది.

ఆవిడ లేచారు. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. “అక్కడ రేవులోకొచ్చే ఓడ ఒకటి ఉండాలి. దాని మీద దీపం ఏ రంగో చెప్పు నాయనా, నా కళ్లకు ఆనడం లేదు.”

సింహాద్రి చూశాడు. బయట చీకటి పడుతోంది, గదిలో ట్యూబులైటు వెలుగుతోంది. కిటికీ అద్దంలో అతని మొహమే కనిపించింది, కళ్లజోడుతో సహా. చొక్కా అంచుతో అద్దం తుడిచాడు. మొహం ఇంకా బాగా కనిపించింది.

“తెలీడం లేదు మేడమ్.”

“ఓడవాళ్లకు కబురంపి, ఇంకా పెద్ద దీపం పెట్టమందామా?” అన్నారావిడ, నవ్వకుండా.

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. కాసేపు అద్దంలో తన మొహం తానే చూస్తూ నిలబడి, వెళ్లి లైటు ఆర్పాడు. గది చీకటయింది, అద్దంలోని మొహమూ పోయింది. సముద్రం మీద దీపాలు ఒకటొకటిగా తేలాయి. ఎర్రనిది ఒకటి, దాని పక్కన ఆకుపచ్చది, ఎక్కడో దూరంగా పసుపుపచ్చనిది. లైటు మళ్లీ వెయ్యాలని మా ముగ్గురిలో ఎవరికీ అనిపించలేదు.

“ఎర్రదండి” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

మర్నాడు లచ్చిని పూతగదికి తీసుకెళ్లాడు. గాలి తోడేసే గాజు గంట కింద పెట్టి మీట నొక్కాడు. సాయంత్రం దాన్ని మళ్లీ బల్ల మీద బిగించి కరెంటు ఇచ్చాడు. తెర మీద గీత లేదు. ఎక్కడా నిలవని పల్చటి ఉబ్బు కనిపించింది, అంతే.

“సంపేసినాను” అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నూకగింజంత దాని కోసం ఏడ్చే మనిషిని నేను చూడడం అదే మొదలు, అయినా ఆ క్షణాన అతని మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

పేరిందేవి గారు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. “దాన్ని నువ్వింకా ఏమీ అడగలేదే!” అన్నారు.

అతను పలకను మెల్లగా సర్దాడు. అటు కొంచెం, ఇటు కొంచెం. ఒకచోట ఆ ఉబ్బులోంచి గీత నిటారుగా లేచింది. పలక తిప్పాడు, గీత కదిలింది. నడిమి దాటింది, ఇదివరకు ఎగిరిపోయే చోటు దాటింది, అంచు దాకా వెళ్లి అక్కడే నిలబడింది. రెండో అంచుకు తిప్పితే అక్కడికీ వచ్చింది. డాక్టరమ్మ అడిగిన మేర కన్నా ఎక్కువే ఉంది.

గంతులేస్తాడనుకున్నాను. అతను పలకకు అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. గీత పోయింది. చెయ్యి తీశాడు, వచ్చింది.

“పాపం మేడమ్” అన్నాడు. “ఒక్క రంగైనా దానికి సొంతంగా ఉండేది. ఇప్పుడు ఎవరో ఒకరు అడిగితేగానీ వెలగదు.”

పేరిందేవి గారు అతని భుజం ఆసరాగా పట్టుకుని లేచారు.

“వచ్చిన కొత్తలో నీకూ ఒక సొంత జవాబుండేది నాయనా” అన్నారు. “ఎవరేం అడిగినా అదే చెప్పేవాడివి. అదీ గట్టిగా.”