తొమ్మిది ఊపిరులు

బనగానపల్లె బస్టాండు వెనక వీధిలో వీడియో మిక్సింగ్ షాపు నడిపే దస్తగిరి మాస్టారుకి ఒక అలవాటుంది. ఏ వీడియోనైనా సైజు తగ్గించి చిన్నది చేశాక, ఏ ఫోనుకైనా తగ్గట్టు మార్చాక, చేతులు కట్టుకుని దాన్ని మొదటినుంచి చివరిదాకా చూస్తాడు. మూడు గంటల పెళ్ళయితే మూడు గంటలూ చూస్తాడు. అప్పగింతల దగ్గర కళ్ళు కూడా తుడుచుకుంటాడు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చంద్రకళకి ఇది వింతగా ఉండేది. ఆ పిల్ల మనసు ఎప్పుడూ కిటికీ అవతల మబ్బుల్లోనే తిరుగుతుంటుంది, చేతులు మాత్రం కీబోర్డు మీద చకచకా పరుగెడతాయి. ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"సార్, చిన్నది చెయ్యడం కంప్యూటర్ పని. అయిపోయిందని అదే చెప్తుంది. మళ్ళీ మీరు కూర్చుని చూసేదేముంది?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి గుమ్మంలో నిలబడ్డ ఒకామె వైపు చూశాడు. "ముందు ఆమెను కూర్చోబెట్టు పాపా, ఎండన పడి వచ్చింది," అన్నాడు.

వచ్చినామె పేరు ఓబులమ్మ. కొంగుముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసింది. ఆమె తమ్ముడు మద్దిలేటి లారీ డ్రైవరు, లోడుతో అస్సాం పోయి ఉన్నాడు. ఇక్కడ అతని భార్యకి ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. నర్సమ్మ తన కొత్త ఫోన్లో నిమిషంపాటు వీడియో తీసిచ్చింది. అది మద్దిలేటి పాత ఫోన్లో తెరుచుకోవడం లేదు. పైగా అక్కడ సిగ్నలు అంతంతమాత్రం.

"మొదటి బిడ్డ పోయినప్పుడు వాడు ఇంటికొచ్చేదాకా చెప్పలేదమ్మా మేము," అంది ఓబులమ్మ. "ఇప్పుడు బాగుందంటే నమ్మడు. మళ్ళీ దాస్తాండారు అంటాడు. రెండు దినాలుగా దోవలోనే బండి నిలిపి కూర్చున్నాడు. బిడ్డను కళ్ళతో చూస్తేగానీ స్టీరింగు ముట్టనంటాడు."

చంద్రకళ గుండె కరిగిపోయింది. ఎక్కడో కొండల మధ్య, ఆగిన లారీలో, ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి ఆమె కళ్ళకి కట్టాడు. షాపు పద్ధతి ప్రకారం అసలు ఫైలును ముందు వేరే డిస్కులో దాచింది. ఆ తర్వాత తొందరలో ఏదో వెబ్‌సైటు తెరిచింది. ఫైలు ఇక్కడ వేస్తే క్షణంలో చిన్నదవుతుందని రాసి ఉంది. చుట్టూ నాలుగైదు డౌన్‌లోడ్ బటన్లు, నన్ను నొక్కంటే నన్ను నొక్కమని మిణుకుమంటున్నాయి.

వెనకనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "ముక్కూమొహం తెలియనోళ్ళింట్లో పసిబిడ్డను పడుకోబెట్టొస్తావా పాపా?"

నాలిక కరుచుకుని అది మూసేసింది. షాపులో ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే, వీలైనంత చిన్నదిగా చేసింది. నాలుగువందల ఎంబీ కాస్తా ఒక ఎంబీ కూడా లేకుండా అయింది. ఎంత సంబరమో! పరుగున పోయి ఓబులమ్మ ఫోన్లో ఎక్కించింది.

ఓబులమ్మ చూసింది. మళ్ళీ చూసింది. మొహంలో రంగు మారింది.

"ఇది ఫోటో కదమ్మా. నేను వీడియో ఇచ్చినా."

చంద్రకళ ఫోను అందుకుంది. తెల్లగుడ్డ కింద బిడ్డ. పిడికిలంత ఎద. అది లేవడం లేదు, దిగడం లేదు. అసలు వీడియోలో గాలికి పూరేకు కదిలినంతగా కదిలేది. కంప్యూటరుకి అది లెక్కలోకి రాలేదు. కదలని గోడతోపాటు ఊపిరినీ చదును చేసేసింది. ఇదే గనక అక్కడికి పోయుంటే?

మాస్టారు కసరలేదు. దాచిన డిస్కు తెచ్చి ఆమె ముందు పెట్టాడు, అంతే.

చంద్రకళ మళ్ళీ కూర్చుంది. ఈసారి తొందరపడలేదు. వీడియో అంచులు కత్తిరించి గోడ తీసేసింది. పైన లైటు తీసేసింది. ఎవరో వెనక మాట్లాడుతున్న సద్దు తీసేసింది. నిమిషంలోంచి పది సెకన్లే ఉంచింది, ఆ పది సెకన్లలో బిడ్డ మొహం, ఎద, అంతే. ఫైలు బరువు ఇందాకటంతే ఉంది. తర్వాత, తనకు తెలియకుండానే, చేతులు కట్టుకుని చివరిదాకా చూసింది. తెల్లగుడ్డ లేచింది, దిగింది. లేచింది, దిగింది. తన ఊపిరి బిగబట్టి మరీ లెక్కపెట్టింది.

ఓబులమ్మ తమ్ముడికి పంపింది. పోయినట్టు ఒక టిక్కు పడింది. చాలాసేపు అదొక్కటే. ముగ్గురూ ఆ ఫోను చుట్టూ కూర్చున్నారు. అతనికి అందినట్టు రెండో టిక్కు పడింది. ఇంకాసేపటికి అతని గొంతు మెసేజుగా వచ్చింది, వెనక ఇంజను చప్పుడుతో.

"తొమ్మిదిసార్లు ఊపిరి పీల్చిందక్కా! బండి తీస్తాండా."

ఓబులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్విందో, ఏడ్చిందో. చంద్రకళ గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

ఓబులమ్మ వెళ్ళిపోయాక షాపులో మరో పెళ్ళి వీడియో చిన్నదవడం పూర్తయింది. ఈసారి చంద్రకళే స్టూలు లాక్కుని తెరముందు కూర్చుంది. మాస్టారు తన కుర్చీ కొంచెం పక్కకి జరిపాడు.

"కదలట్లేదనిపించేచోట చూడు పాపా," అన్నాడు.