గోడ పొదిగిన గుడ్డు

అన్యాయం జరిగింది గోడకి. పన్నెండేళ్ల పాటు, ప్రతి ఆదివారం, పట్టపగలు, అరవై వేల మంది కళ్లెదుట జరిగింది. ఎవరూ చూడలేదని మాత్రం అనకండి. టిక్కెట్టు కొనుక్కుని మరీ చూశారు.

గోడ అంటే ఇటుకల గోడ కాదు, మనిషి. ఆ రాజ్యంలో ఒక ఆట ఉండేది. రెండు కొసలూ మొనదేలిన తోలుబంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెత్తాలి. ఆ బంతిని గుడ్డు అనేవారు. గుడ్డు మోసేవాడికి దారి చేయడానికి కొందరు ముందు వరసలో వంగి నిలబడి, ఎదురొచ్చేవాళ్లని తలతో గుద్దాలి. వాళ్లు గోడలు. మోసేవాడి పేరు ఊళ్లో పిల్లలకి పెట్టుకునేవారు. గోడకి పేరెందుకు? గోడ గుడ్డుని ముట్టుకోను కూడా కూడదు.

మన గోడ మొదటి ఆట ఆడి ఇంటికొచ్చి పెళ్లానికి నవ్వుతూ చెప్పాడు. కోళ్లు పెంచుకునే ఆవిడ పేరు నూకాలు.

"నూకాలూ, ఇవాళ పట్టపగలే చుక్కలు కనిపించాయే."

"నన్ను చేసుకున్ననాడే కనిపించి ఉంటాయనుకున్నానే!"

తర్వాత్తర్వాత ఒక్కో గుద్దుకి ఒక్కో మాట రాలిపోసాగింది. ముందు ఎదురింటాయన పేరు. ఆ పైన ఉప్పుని ఏమంటారో. ఆటలో చేరిన ఎనిమిదో ఏట సొంత వీధి మలుపులోనే దారి తెలియక నిలబడిపోయి, గాలి కోసం ఆగానని అబద్ధమాడాడు. ఆనాటి నుంచి నూకాలు రోజూ పొద్దున్నే అడిగేది, "నా పేరేంటి చెప్పు?" అతను "నూకాలు" అన్నాకే కోళ్లకి నూకలు చల్లడానికి లేచేది.

ఒకరోజు జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె తిన్నగా కోటకి వెళ్లింది.

"దొరా, మా ఆయన తల్లోంచి మాటలు రాలిపోతున్నాయి. ఆట మానిపించండి."

రాజవైద్యుడు నవ్వాడు. "గోడకి తలనొప్పేంటమ్మా?"

"గోడ అని పిలిస్తే గోడైపోతాడా బాబూ? మిమ్మల్నీ వైద్యుడనే పిలుస్తున్నారుగా!"

రాజు అడ్డొచ్చాడు. "మేమేమైనా కట్టి తెస్తున్నామా? తనే కదా వస్తున్నాడు."

అదీ నిజమే. నూకాలు ఇంటికొచ్చి మొగుడి మీద పడింది. "నువ్వు మానేస్తే కొంప మునుగుతుందా?"

గోడ అరచేతులు చూసుకున్నాడు. "వంగి నిలబడ్డప్పుడు వెనక వాడి ఊపిరి వినపడుతుందే. నేను పక్కకి జరిగితే అది ఆగిపోతుంది. చప్పట్లు నాకు వినపడవు, ఆ ఊపిరే వినపడుతుంది. ఇన్నేళ్లలో నా వెనక ఒక్క గుడ్డూ జారిపోలేదు. ఆ ఆటంటే నాకు ఇష్టం నూకాలూ. నా ఏడుపంతా అదే."

పన్నెండో ఏట, ఆశ్వయుజ శుద్ధ తదియ ఆదివారం, గోడ వెళ్లి ఎదుటివాళ్ల వరసలో నిలబడ్డాడు. అరవై వేల మందీ విరగబడి నవ్వారు. రాజు అతన్ని పిలిపించి, ఇక ఆట చాలని శాలువా కప్పి, మొదటిసారి గుడ్డుని అతని చేతుల్లో పెట్టాడు.

"ఏంటిది?" అన్నాడు గోడ.

"గుడ్డు."

ఆ పొద్దున్నే నూకాలు ఒక పెట్టని పొదగేసింది. గోడ తిన్నగా దొడ్లోకి వెళ్లి, ఆ పెట్ట పక్కనే గడ్డి పరిచి, గుడ్డుని ఒళ్లో పెట్టుకుని శాలువా కప్పి కూర్చున్నాడు.

"అది బంతయ్యా."

"గుడ్డే. రాజుగారు చెప్పారు."

అవే అతని చివరి మాటలనుకుంది నూకాలు. మర్నాటి నుంచి "నా పేరేంటి?" అని అడిగితే పెదవుల మీద వేలు పెట్టేవాడు. ఆమె దొడ్డిగోడ మీద రోజుకో బొగ్గుగీత గీసింది. ఒకరోజు గుడ్డు మోసినవాడు చూడ్డానికొచ్చాడు. అడుగు లోపల పెట్టగానే గోడ గుడ్డుని కడుపుకి అదుముకుని, వంగి, తల ముందుకు పెట్టాడు. వచ్చినవాడు గుమ్మంలోనే ఏడ్చి వెళ్లిపోయాడు.

ఇరవై ఒకటో రోజున పెట్ట కింద కిచకిచలు మొదలయ్యాయి. గోడ బంతికి చెవి ఆనించి విన్నాడు. తలెత్తి నూకాలు కళ్లలోకి చూశాడు.

"నూకలు," అన్నాడు.

పుట్టబోయే పిల్లకి మేత అడిగాడో, దీర్ఘం రాలిపోయిన ఆమె పేరే పలికాడో. నూకాలు గుప్పెడు నూకలు తెచ్చి అతని దోసిట్లో పోసింది. బొగ్గుముక్క తీసుకుని, గీతల కింద ఇలా రాసింది:

పిలిచాడు. ఆశ్వయుజ బహుళ అష్టమి, శనివారం.