పొలిమేర మీది మంద

రేవణయ్యస్వామిని ప్రశ్న అడగాలంటే నోరుంటే చాలదు, కాళ్లలో సత్తువ కూడా ఉండాలని మఠంలో చెప్పుకునేవారు. ఆయన జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అంటగట్టి పంపేవాడు. ఆకలంటే ఏమిటని అడిగినవాణ్ణి పెళ్లివారింట వడ్డనకు పంపాడు. వైరాగ్యం గురించి అడిగినవాణ్ణి కొలిమి ఊదడానికి పంపాడు. వెళ్లినవాడు జ్ఞానంతో తిరిగొచ్చాడా, మోకాళ్ల నొప్పులతో తిరిగొచ్చాడా అని ఆరా తీసే అలవాటు కూడా ఆయనకు లేదు.

ఆ మఠంలోనే చదువుకుని, సంస్థానంలో చట్టాలు రాసే పేష్కారుగా ఎదిగిన శంభులింగానికి ఈ సంగతి తెలియనిది కాదు. అయినా అడగక తప్పలేదు. ఆ ఏడు సంస్థానమంతటా పశువులకు గాలికుంటు పాకింది. పూర్వం ఇలాంటి రోగం వస్తే ఊళ్లవాళ్లు ఒక ముంతలో పసుపన్నం, వేపాకు పెట్టి, దీపం వెలిగించి, రోగాన్ని అందులోకి పిలిచి, ఆ ముంతను పొలిమేర దాటించి పక్క ఊరి పొలంలో వదిలి వచ్చేవారు. తెల్లారి పక్క ఊరివాళ్లు దాన్ని అవతలి ఊరికి దాటించేవారు. శంభులింగం ఈ ఆచారాన్ని విని కడుపుబ్బ నవ్వుకున్నాడు. ఇక ముంతలు కాదు, చట్టం ఉండాలని రాజుగారిని ఒప్పించి, తనే కూర్చుని రాశాడు. రోగం పట్టిన పశువు ఏ ఊరి పొలిమేరలోనూ ఉండరాదు. దాన్ని ముట్టినవాడు కూడా లోపలికి రారాదు. అలాంటి పశువు ఎక్కడ కనిపించినా, ఎవరిదో తెలిస్తే ఆ యజమాని కొట్టం మొత్తం జప్తు. ఎంతటివాడు అడ్డుపడినా తలారి సడలించరాదు. ఈ చివరి మాట రాసినప్పుడు శంభులింగం తనలో తనే మెచ్చుకున్నాడు.

దండోరా వేయించారు. చట్టం తాడి దన్నితే దాని తల దన్నే ఊళ్లు అవి. అలాంటివి ఈ ఒక్క చట్టాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటించాయి. ఏ ఊరినుంచి కబురొచ్చినా ఒకటే మాట: మా ఊళ్లో రోగం పశువు ఒక్కటీ లేదు. రాజుగారు మురిసిపోయి, ఆ చట్టాన్ని రాళ్లమీద చెక్కించి ప్రతి పొలిమేరలోనూ నాటమన్నారు. మొదటి విడత రాళ్లు బండ్లకెక్కి మఠం ఊరి పొలిమేర దగ్గరే దిగాయి, గురువు ఆశీర్వాదంతో పని మొదలు పెడదామని. కాని రోగం తగ్గలేదు. లేని పశువులనుంచి ఉన్న పశువులకు ఎలా వస్తోందో గాని, వస్తూనే ఉంది.

"అందరూ పాటిస్తున్నామంటున్నారు స్వామీ. రోగం మాత్రం ఆగడం లేదు," అన్నాడు శంభులింగం. "ఎవరో చాటుగా తప్పుతున్నారు. ఆ తప్పేవాణ్ణి పట్టుకునే ఉపాయం చెప్పండి."

రేవణయ్యస్వామి లేచి, అతన్ని వెంటబెట్టుకుని పశువుల కొట్టం వెనక్కి నడిచాడు. అక్కడ ఒంటరిగా బూది కట్టేసి ఉంది. విభూతి రంగు ఆవు కనుక దానికి ఆ పేరు. పుట్టగానే తల్లి చచ్చిపోతే, ఆనాడు విద్యార్థిగా ఉన్న శంభులింగమే వెదురు గొట్టంతో పాలు పట్టి దాన్ని బతికించాడు. ఇప్పుడు దాని మూతినుంచి చొంగ తీగలుగా కారుతోంది. ముందుకాలు ఎత్తి ఎత్తి దించుతోంది. గిట్టల మధ్య పుండ్లున్నాయి.

"నిన్నటినుంచి," అన్నాడు గురువు. "మఠం కూడా పొలిమేర లోపలే ఉంది నాయనా. నీ చట్టం దీన్ని ఎక్కడ ఉండమందో అక్కడ వదిలిపెట్టి రా."

ఇక్కడే ఓ మూల ఉంచుదాం స్వామీ అని నోటిదాకా వచ్చింది. గాలికుంటుతో పెద్ద పశువు చావడం అరుదని, నీడన పడుకోబెట్టి ఇంత జావ, ఇన్ని నీళ్లు నోటికందిస్తే లేచి తిరుగుతుందని అతనికి తెలుసు. కాని ఆ మాట అనడానికి తను రాసిన చట్టమే అడ్డొచ్చింది. పలుపు విప్పి చేత పట్టుకున్నాడు. బూది మెడలో గంట ఒక్కసారి మోగింది. ఎక్కడో ఒక చోటు ఉండకపోదు, చీకటి పడేలోపు దాన్ని నీడపట్టున చేర్చి రావచ్చని ధైర్యం చెప్పుకుని బయల్దేరాడు.

ఎండ మాడ్చేస్తోంది. బూది నాలుగడుగులు వేసి నిలబడేది, మళ్లీ నడిచేది. మొదటి ఊరు ఊటకల్లు. పొలిమేరలోనే తలారి కర్ర అడ్డం పెట్టాడు. పొలిమేర వెంటే చుట్టుతిరిగి రెండో ఊరు పెద్దదిన్నె చేరాడు. అక్కడా అంతే. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ తిట్టలేదు. దారి మాత్రం ఇవ్వలేదు. మూడో ఊరు జిల్లేడుకుంట చేరేసరికి బూది నాలుక బయట వేలాడుతోంది. పొలిమేరకు కూతవేటు దూరంలో కుంట నిండుగా నీళ్లు మెరుస్తున్నాయి.

"ఆడనే నిలబడండి సామీ," అన్నాడు అక్కడి తలారి ఓబులేసు. "రోగం గొడ్డును రానీగూడదు."

"రానివ్వద్దులే. దీనికి కాసిని నీళ్లు కావాలి. నన్నొక్కణ్ణి పోనియ్యి, కడవతో తెచ్చుకుంటాను."

"నీళ్లు కుంటలో ఉండాయి. కుంట పొలిమేర లోపల ఉండాది. గొడ్డును ముట్టినోళ్లు గూడా లోపలికి రాగూడదని టముకేసినారు గదా."

"నువ్వే తెచ్చిపెట్టు మరి."

"నేనొచ్చి దాన్ని ముట్టుకుంటే నా ఇంటికి నేను పోలేను. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉండాది సామీ."

శంభులింగానికి ఓపిక నశించింది. "నేనెవరో తెలుసా? ఆ చట్టం రాసింది నేనే!"

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. ఎగతాళి లేదు ఆ ముఖంలో. "అట్లయితే మాకంటే మీకే బాగ తెలిసుంటాది గదా దొరా. ఎంతటోళ్లు వచ్చినా సడలించొద్దని మీరే గదా రాసింది." గొంతు తగ్గించి అన్నాడు: "ఆ గంట తీసేసి తోలండి. అందరూ తీసేసే తోలతారు."

"తోలడం ఎక్కడికి?"

ఓబులేసు గడ్డంతో పడమటి వైపు చూపించి, వెనక్కి తిరిగాడు.

రెండు ఊళ్ల పొలిమేర రాళ్లకు నడుమ అక్కడ ఒక పొడుగాటి గట్టు ఉంది. ఈ ఊరివాళ్లు అది ఆ ఊరిదంటారు, ఆ ఊరివాళ్లు ఈ ఊరిదంటారు, దున్నేవాడు లేడు. శంభులింగం దాన్ని చేరుకునేసరికి గోధూళి వేళయింది. గట్టు పొడుగునా దుమ్ము లేచి ఉంది, మంద ఇంటికి తిరిగొచ్చేటప్పుడు లేచే దుమ్ము. కాని గంటల చప్పుడు లేదు. అంబా అన్న అరుపు లేదు. మందను అదిలించే మనిషి గొంతు లేదు. శంభులింగం వెనక్కి పోదామనుకున్నాడు, కాని వెనక్కి పోవడానికి బూదితో పాటు వెళ్లగల ఊరేదీ లేదు.

దుమ్ము కాస్త అణిగాక కనబడ్డాయి. ఆవులు, ఎద్దులు, బర్రెలు, గట్టు మీద ఒకదాని వెనక ఒకటి, చూపు ఆనినంత దూరం నిలబడి ఉన్నాయి. మేయడం లేదు, పడుకోవడం లేదు. కొన్నిటి కొమ్ముల రంగు హడావిడిగా గీకేసి ఉంది. ప్రతిదాని మెడ మీదా గంటతాడు ఒరుసుకున్న చోట వెంట్రుకలు లేని చార ఉంది, గంట మాత్రం లేదు. వాటిలో కొన్నిటికి పుండ్లు మానిపోయాయి. మూతి శుభ్రంగా ఉంది, కాళ్లు నిటారుగా ఉన్నాయి. నయమైనవి ఇంకా ఇక్కడెందుకున్నాయా అని ఆశ్చర్యపోయాడు. మరుక్షణం తనకే జవాబు తట్టింది. నయమైన పశువు లోపలికి రావచ్చని తను ఎక్కడా రాయలేదు. తనదని చెప్పుకుని దాన్ని పిలవడానికి ఏ యజమానికి గుండె చాలుతుంది?

అంతలో జిల్లేడుకుంటలో మందలు ఇళ్లు చేరుతున్న గంటలు వినిపించాయి. గట్టు మీది తలలన్నీ ఒక్కసారే అటు తిరిగాయి. కాసేపటికి అవతలి ఊరి గంటలు మొదలయ్యాయి. తలలన్నీ ఇటు తిరిగాయి. తర్వాత అవి మెల్లగా, తోసుకోకుండా, రెండు వైపులా గట్టు దిగసాగాయి. ఈ వైపునుంచీ ఆ వైపునుంచీ తలారులు పళ్లేలు వాయించారు. అవి ఆగి, తిరిగి గట్టెక్కి, వేటి చోట అవి నిలబడ్డాయి. ఒక్క కేక లేదు, ఒక్క దెబ్బ లేదు. రోజూ సాయంత్రం దీపం పెట్టినంత మామూలుగా ఆ పని జరిగిపోయింది. నీళ్లు తాగడానికి వాగుకు పోవాలంటే ఏదో ఒక ఊరి పొలం దాటాలి, దాటిన చోటల్లా రోగం రాలుతుంది, మళ్లీ కొత్త గంటలు ఊడతాయి. అంతా అతనికి అర్థమయింది.

బూది తల విదిల్చింది. గంట మోగింది.

మందంతా శంభులింగం వైపు తిరిగింది. దగ్గరున్నవి దగ్గరికొచ్చాయి, వెనకవి వాటి వెనక నిలిచాయి. ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు. అవి గంటను చూడలేదు, ఆవును చూడలేదు. పలుపు పట్టుకున్న అతని చేతిని చూస్తున్నాయి. పొడుస్తాయని కాదు అతను భయపడింది. పిలుస్తాడేమోనని అవి ఎదురుచూస్తున్నాయి, అది చూసి భయపడ్డాడు.

"ఎవురిదప్పా ఆ గంట?" అని అవతలి ఊరి తలారి కేకేశాడు. "ఏ ఊరి గొడ్డు అది?"

మఠం గంట నాదం చుట్టుపక్కల అందరికీ ఎరుకే. ఇంకొక్కసారి మోగితే చాలు, మఠం కొట్టం మొత్తం జప్తు, అందులో ఇంకా పాలు మరవని దూడలున్నాయి. శంభులింగం గంట నాలుకను పిడికిట బిగించాడు. రెండో చేత్తో ముడి విప్పాడు. ఆ చేతులు తనవేనా అనిపించింది. గంట మెడ వదలగానే మంద అతన్నుంచి ముఖం తిప్పుకుంది, అక్కడ మనిషే లేనట్టు. బూది కూడా తిప్పుకుంది. అది కుంటుకుంటూ నడిచి వరుసలో ఒక ఖాళీ చోట నిలబడింది. ఆ చోటు దానికోసమే అట్టిపెట్టినట్టుంది. "బూదీ" అని గొణిగాడు. గట్టిగా పిలిచే హక్కు ఇక అతనికి లేదు.

చీకటి పడ్డాక మఠం ఊరి పొలిమేర చేరాడు. అక్కడి తలారి అతని పాదాలకు దండం పెట్టి, కర్ర అడ్డం పెట్టాడు. గొడ్డును ముట్టినవాడు లోపలికి రాకూడదు. శంభులింగం చెక్కాల్సిన రాళ్ల పక్కనే కూర్చున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. బావి గిలక చప్పుడు ఊళ్లోంచి వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో ఆ రాత్రే అతనికి తెలిసింది.

తెల్లవారుతుండగా రేవణయ్యస్వామి కడవతో వచ్చాడు. పొలిమేర రాయికి ఇవతలే నిలబడి, అవతలున్న శిష్యుడి దోసిట్లో నీళ్లు పోశాడు. శంభులింగం తాగాడు, ఊపిరాడక ఆగాడు, మళ్లీ తాగాడు. నడుమున దోపుకున్న గంట వంగినప్పుడు మోగింది. దాన్ని తీసి నేలమీద పెట్టి, పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

"తప్పినవాడు దొరికాడా నాయనా?" అన్నాడు గురువు.

"ఎవరూ తప్పలేదు స్వామీ. అందరూ పాటించారు. నేనూ పాటించాను." కండువాతో ముఖం తుడుచుకుని, పక్కనున్న రాళ్ల వైపు చూశాడు. "ఇవి వెనక్కి పంపేస్తాను."

"రాళ్లేం చేశాయి పాపం? వాటి మీద అక్షరం ఎంత లోతు చెక్కుతారు?"

"వడ్లగింజ లోతు, స్వామీ."

రేవణయ్యస్వామి ఒంగి గంట అందుకుని, కడవ మాత్రం పొలిమేర అవతలికి జరిపాడు.

"చాలదు," అన్నాడు. "గొడ్డు మూతి పట్టేంత, నీళ్లు నిలిచేంత లోతు చెక్కించు."