వీరాస్వామి కూతురికి పేరు పెట్టిన కథ

గుమ్మళ్ళపాడులో వీరాస్వామి ఇంటివాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. వాన వస్తే అందరిలా పరుగెత్తేవాళ్ళు కాదు. నిలబడి, బాగా ఆలోచించి, ఆ తరవాతే తడిసేవాళ్ళు. "మా ఇంట్లో ఏ పనీ తొందరపడి చెడగొట్టం, నిదానంగానే చెడగొడతాం" అని వీరాస్వామి తండ్రి పెంటయ్య మీసం దువ్వుకునేవాడు.

అలాంటి ఇంట్లో, పెళ్ళయిన పన్నెండేళ్ళకి వీరాస్వామికీ శాంతమ్మకీ ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాల. "పొద్దున పది లోపల పేరు పడాలి. అది దాటితే మళ్ళీ మూడు నెలల దాకా మంచిరోజు లేదు" అన్నారు పంతులుగారు. వీరాస్వామికి బెంగ పట్టుకుంది. లేక లేక పుట్టిన పిల్ల. మూడు నెలలు పేరు లేకుండా ఉంటే, ఈలోగా ఎటైనా తప్పిపోతే, ఏమని పిలిచి వెతుక్కోవాలి?

ఊళ్ళో పేర్ల సంగతి బాగా తెలిసినవాడు పోస్ట్‌మ్యాన్ ఖాదర్. ముప్ఫై ఏళ్ళు నాలుగు జిల్లాల్లో ఉత్తరాలు పంచాడు. కొత్త పేరు కనబడితే ఆ ఇంటివాళ్ళని అర్థం అడిగి తెలుసుకునేదాకా సైకిలు కదిలించేవాడు కాదు. వీరాస్వామి ఆయన దగ్గరికి పోయాడు.

"బాబాయ్, మంచి అర్థం ఉన్న పేరొకటి చెప్పు."

"అరబ్బీలో నూర్ అంటే వెలుగు రా. గ్రీకులోంచి వచ్చిన మార్గరెట్ అంటే ముత్యం. ఏది నచ్చితే అది పెట్టుకో."

"చూడకుండా ఎలా పెట్టుకుంటాం? కుండ కొన్నా కొట్టి చూస్తాం కదా. ఒక్కో రోజు ఒక్కో పేరు వాడి చూస్తాం."

అంతే. మొదటి రోజు పిల్ల నూర్. ఇంట్లో వెలుగే పుట్టాక ఇంకా దీపాలు దండగని, పొద్దు వాలగానే అన్నీ ఆర్పేశారు. పిల్లని గది మధ్యలో పడుకోబెట్టి భోజనాలకి కూర్చున్నారు. శాంతమ్మ ఉడుకుడుకు పులుసు మామగారి విస్తట్లో అనుకుని మామగారి ఒళ్ళో పోసింది. పెంటయ్య కాసేపు ఆలోచించి, ఆ తరవాత కేక పెట్టాడు. "పిల్ల ఇంకా పసిది కదా, వెలుగు పూర్తిగా రాలేదు" అన్నాడు వీరాస్వామి.

మర్నాడు పిల్ల మార్గరెట్. ముత్యమన్నాక తూకం తెలియాలి. కంసాలి దగ్గరికి ఎత్తుకెళ్ళారు. "నా త్రాసులో పట్టదయ్యా, ఎదురుగా ఉన్న పప్పుల కొట్లో తూయించు" అన్నాడాయన. పిల్ల మూడున్నర కిలోలు తూగింది. ఇంకేముంది, అంత ముత్యం ఇంట్లో ఉంటే దొంగలు ఊరుకుంటారా? పిల్లతో సహా అందరూ గదిలోకి దూరి, సంతకి పోతున్న ఒక కుండలాయన్ని పిలిచి బయటినించి తాళం వేయించారు. ఆయన తాళంచెవి కిటికీలోంచి ఇవ్వబోయాడు.

"నీ దగ్గరే ఉంచు. ఇంట్లో ఉంటే దొంగల కంట పడుతుంది" అన్నాడు వీరాస్వామి.

కుండలన్నీ అమ్ముకుని ఆయన తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది.

ఈ సంగతి తెలిసి ఖాదర్ పరుగున వచ్చాడు. "ఒరే, పేరుని బట్టి మనిషి ఉండడు రా. మీ సంగతే చూసుకోండి. నీకు వీరుడని పేరు, మేకపిల్లని చూస్తే గోడెక్కుతావు. నీ పెళ్ళాం శాంతమ్మ, గొంతెత్తితే పక్కూరి కుక్కలు లేస్తాయి. మీ నాయనమ్మకి పిల్లలు దక్కడం లేదని మీ నాన్నని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టారు. అంతమాత్రాన ఆయన పెంటకుప్పా?"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎంత మాట చెప్పావు ఖాదరూ. ఇన్నాళ్ళూ మా పేర్లకి అన్యాయం చేశాం" అన్నాడు పెంటయ్య. అంతే, మంచం ఎత్తుకుపోయి పెరట్లో పెంటకుప్ప పక్కన వేసుకున్నాడు. శాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట మానేసింది. వీరాస్వామి వీధిలోకి వెళ్ళి, ఎదురొచ్చిన పొట్టేలుకి దారివ్వకుండా నిలబడ్డాడు. నడుముకి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి, "ఇప్పుడు పేరుకి తగ్గట్టుంది" అన్నాడు.

ఖాదర్ ఇక బోధ మానుకున్నాడు. "సోఫియా అని పెట్టండి. గ్రీకులో జ్ఞానమని అర్థం. దాన్ని ఎవరూ తూచలేరు, ఎవరూ ఎత్తుకుపోలేరు."

వీరాస్వామి కాస్త వెనకాడాడు. "జ్ఞానం మా ఇంట్లో ఇప్పటికే ఎక్కువైంది బాబాయ్. సర్లే, పిల్లకంటూ సొంతంగా కొంచెం ఉండనీ."

బారసాల రోజు వచ్చింది. పంతులుగారు పళ్ళెంలో బియ్యం పోయించారు. వీరాస్వామి ఉంగరంతో ఆ బియ్యంలో సోఫియా అని పొందిగ్గా రాశాడు. "ఇక తేనె తెచ్చి నాలిక్కి రాసి, పేరు మూడుసార్లు పిల్ల చెవిలో చెబితే అయిపోయినట్టే" అంటూ పంతులుగారు చెయ్యి కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళారు. తేనె కోసం వీరాస్వామి లోపలికి పోయాడు. పళ్ళెం ముందు, పిల్లని ఒళ్ళో పెట్టుకుని శాంతమ్మ ఒక్కతే మిగిలింది.

రోజూ పొద్దున్నే గుడ్డు పెట్టే ఎర్రకోడిపెట్ట వచ్చింది. ముందు 'సో' తింది. శాంతమ్మ నోటికి కొంగు ఇంకా గట్టిగా నొక్కుకుంది. కేకేసి తోలుదామంటే తను శాంతమ్మ. కోడి 'ఫి' కూడా తిని, 'యా' దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ కానిచ్చింది.

తేనెసీసాతో వచ్చిన వీరాస్వామి అక్కడే చతికిలబడ్డాడు.

"దానికేముందయ్యా, గుప్పెడు బియ్యం పోసి మళ్ళీ రాయి. టైము అయిపోతోంది" అన్నారు బావి దగ్గర్నించి వచ్చిన పంతులుగారు.

"పేరంతా కోడి కడుపులో ఉంటే ఎక్కణ్ణించి తెచ్చి రాయమంటారు?" అన్నాడు వీరాస్వామి. పదికి అయిదు నిమిషాలుంది. పన్నెండేళ్ళు ఎదురుచూసి కన్న పిల్ల, పేరు లేకుండా మిగిలిపోయేలా ఉంది.

పెరట్లోంచి పెంటయ్య నిదానంగా అన్నాడు. "పేరు ఎవరి దగ్గరుందో వాళ్ళనే చెప్పమను."

అంతే. వీరాస్వామి నడుం నొప్పి మరిచిపోయి ఎగిరి కోడిని పట్టుకున్నాడు. దాని ముక్కు పిల్ల చెవి దగ్గర పెట్టాడు. కోడి బెదిరిపోయి "కొక్కొక్కో" అంది.

"ఒకటి" అన్నాడు పెంటయ్య.

రెక్కలు కాస్త నొక్కితే రెండోసారీ అంది. మూడోసారి నొక్కకుండానే అంది. పంతులుగారు గడియారం వంక చూశారు, తాంబూలం వంక చూశారు, అక్షింతలు వేసేశారు.

అప్పుడే గుమ్మంలోకొచ్చి ఇదంతా చూస్తున్న ఖాదర్ మెల్లిగా అడిగాడు. "ఒరే, కొక్కొక్కో అంటే ఏ భాష? ఏమిటి అర్థం?"

వీరాస్వామి కోడి మీద గంప బోర్లించి, పైన బరువు పెట్టి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

"తొందరపడకు బాబాయ్. పేరు ఇప్పుడు చెప్పింది. అర్థం రేప్పొద్దున పెడుతుంది."