సిలారు కూచున్న సీటు

అనగనగా అనగానే రాజుగారు ఊడిపడాలని ఎవరు చెప్పారు మీకు? ఈ కథలో రాజు లేడు. అనగనగా ఒక కార్ల షెడ్డు. ఆ షెడ్డులో వైరింగు పని చేసే ఒక మనిషి. పేరు సిలారు. ఎప్పటి మాటంటారా? కారు సీటు కింద మోటారుంటుందంటే "చాల్లే, కోతలు కొయ్యకు" అని జనం నవ్వే కాలం. అంతకంటే నన్నడక్కండి, నాకూ తెలీదు.

ఆ ఊళ్లోనే వీరభద్రమని ఒక పెద్దాయన. ఆయనకో పాత నీలం కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు. ఊరికి బస్సు రాని రోజుల్లో నొప్పులు పడే ఆడవాళ్లని ఆ కార్లోనే ఆసుపత్రికి చేర్చేవాడు. పెట్రోలుకని ఎవరన్నా డబ్బులివ్వబోతే తిట్టి పంపేవాడు. అలాంటి మనిషికి పక్షవాతం కొట్టింది. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. కర్ర పట్టుకుని నిలబడగలడు, రెండడుగులు వెయ్యగలడు, వంగి కార్లో కూచోలేడు.

ఒకసారి నలుగురూ కలిసి ఎత్తి కూచోబెట్టబోయారు. పంచె జారింది. వీధిలో వాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

"నన్ను బస్తాలా ఎత్తొద్దు" అన్నాడు పెద్దాయన.

ఆ రోజు నుంచి గడప దాటలేదు. వాకిట్లో కారు కనబడుతోందని కిటికీ కూడా మూయించాడు. రోజురోజుకీ మాట తగ్గిపోయింది. మనిషి మంచంలోనే అయిపోతాడేమోనని ఆయన భార్య మాణిక్యాంబకి గుండెల్లో రాయి పడింది.

పెద్ద పెద్ద కార్లలో మీట నొక్కితే సీటు పైకి లేస్తుందని, వెనక్కి జరుగుతుందని ఆమెకెవరో చెప్పారు. సీటే నడుం దాకా లేచొస్తే ఇంక వంగడమెందుకు? చెంగు బిగించి బయల్దేరింది.

మొదటి షెడ్డువాడు, "పాత కారుకి ఆ సీటు పట్టదు" అన్నాడు. రెండో షెడ్డువాడు, "ఆ బ్యాటరీ మొయ్యదు" అన్నాడు. మూడో షెడ్డువాడున్నాడే, వాడి నోరు పడిపోను, "మంచాన పడ్డ మనిషికి షికార్లెందుకమ్మా?" అన్నాడు.

కళ్లు తుడుచుకుంటూ సిలారు దగ్గరికి వచ్చింది. సిలారు అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"పెద్దయ్యగారు ఏమంటారమ్మా?"

"నన్ను బస్తాలా ఎత్తొద్దంటాడు నాయనా."

"అయితే ఎవరూ ఎత్తరు. ఆయనే కూచుంటారు" అన్నాడు సిలారు.

పాత సామాన్ల అంగడికి వెళ్లాడు. ముందు భాగమంతా నుజ్జయిన ఒక పెద్ద కారుంది. అందులో సీటు మాత్రం చెక్కు చెదరలేదు.

"ఇందులో మనిషి పోయాడా?" అని అడిగాడు.

"బతికాడు భాయ్" అన్నాడు అంగడివాడు.

"మనిషిని కాపాడిన సీటన్నమాట" అని సంబరపడి, మోటార్లతో సహా ఊడదీసి తెచ్చుకున్నాడు.

నీలం కారు నేలకి కొత్త పట్టాలు వేసి సీటు బిగించాడు. బ్యాటరీ నుంచి సీటు కిందుగా వైరు లాగాడు. బయట నిలబడి, చెయ్యి మాత్రం లోపల పెట్టి మీట నొక్కాడు. ఫ్యూజు పోయింది. ఇంకోటి వేశాడు. అదీ పోయింది. వైరు నలుగుతోంది నాయనా అని పాపం ఆ ఫ్యూజు రెండుసార్లు మొత్తుకుంది. సిలారు వినిపించుకోలేదు. పెద్దాయన ఇంకెన్నాళ్లుంటాడో అన్న ఆత్రం. మూడోసారి ఏం చేశాడనుకున్నారు? ఫ్యూజు తీసి పారేసి, దాని చోట రాగి తీగ చుట్టాడు. మనవాళ్లందరూ చేసే పనేలెండి! సీటు పైకి లేచింది, కిందికి దిగింది, వెనక్కి జరిగింది. ఖాళీ సీటు. దానికేం, బ్రహ్మాండంగా ఆడింది.

కారు వాకిట్లోకి వచ్చింది. పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి, తలుపు పట్టుకుని, పైకి లేపి ఉంచిన సీట్లో తనంతట తానే కూచున్నాడు. మాణిక్యాంబ ఆయన కాళ్లు లోపలికి తిప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. మీట నొక్కాడు. సీటు కిందికి దిగింది.

ఆయన బరువుకి స్ప్రింగులు కుంగి వైరుని నేలకేసి అదిమాయి. గుప్పున పొగ లేచింది. లేవబోయాడు, కాళ్లు లేవనిస్తేనా! "సిలారూ!" అని కేక వేశాడు. సిలారు ఉత్త చేత్తో ఆ కాలే వైరుని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. వైరు తెగింది. దాని తొడుగు కరిగి అరచేతికి అంటుకుపోయింది. నలుగురూ పరిగెత్తుకొచ్చి, పెద్దాయన్ని చంకల కింద పట్టుకుని బయటికి లాగారు.

పెద్దాయనకి దెబ్బ తగల్లేదు. కానీ ఏమన్నాడో తెలుసా?

"నేను బస్తానే లేరా. ఎత్తండి. తీసుకెళ్లి లోపల పడెయ్యండి."

ఆ మాట వినలేక మాణిక్యాంబ చెంగు నోట్లో కుక్కుకుంది. సిలారుకి చెయ్యి కాలిన బాధ అప్పుడు తెలీలేదట, ఆ మాటకి మాత్రం ఏడ్చేశాడట.

పుండు మానకముందే మళ్లీ వచ్చాడు. కాలిన వేళ్లకి గుడ్డ చుట్టుకుని, పళ్లతో టేపు తెంపుతూ పనిచేశాడు. వైరుని రబ్బరు గొట్టంలో దూర్చి పక్కగా తిప్పాడు. సరైన ఫ్యూజు వేశాడు. ఈసారి బయట నిలబడలేదు. తనే ఎక్కి కూచున్నాడు. పైకి లేపాడు. కిందికి దించాడు. ముందుకీ వెనక్కీ జరిపాడు. మంచంలో ఉన్న పెద్దాయనకి మోటారు చప్పుడు వినిపించింది. ఎంతసేపటికీ ఆగదు. "ఆ కిటికీ తియ్యవే" అన్నాడు.

కిటికీలోంచి చూస్తే, అదే సీట్లో సిలారు.

"నా బరువు మోసింది పెద్దయ్యా" అన్నాడు సిలారు. "మీ బరువూ మోస్తుంది. రండి."

పెద్దాయన దుప్పటి పక్కకి తోశాడు. తర్వాత కర్ర అడిగాడు.

ఆ సాయంత్రం నీలం కారు ఏటి గట్టు దాకా వెళ్లొచ్చింది. దిగేముందు ఆయన సిలారు చేతిని తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత ఎంతకాలం బతికాడో గానీ, బతికినన్నాళ్లూ వీధి మొహం చూశాడు.

సిలారు వేళ్లు మాత్రం మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. సన్న వైర్లు మెలిపెట్టే పని పోయింది. ఇంక తిండెలాగ? షెడ్లవాళ్లు ఆయన్ని వదల్లేదు. ఏ సీటు బిగించినా, "భాయ్, కాస్త వచ్చి కూచో" అని కబురు పెట్టేవాళ్లు. ఆయన వెళ్లి కూచునేవాడు. పైకి, కిందికి, ముందుకి, వెనక్కి. తర్వాతే బండి వాకిలి దాటేది. చేతికింత ముట్టజెప్పి, చాయ్ తాగించి పంపేవాళ్లు.

ఒకరోజు సిలారు పోయాడు. షెడ్లన్నీ మూసి అందరూ ఖబరస్థాన్ దాకా వెళ్లారు. మర్నాడు ఒక షెడ్డులో సీటు తయారైంది. కూచోడానికి ఆయన లేడు. వైరింగు చేసినవాడే దిక్కులు చూసి చూసి, చెప్పులు విడిచి, తనే ఎక్కి కూచున్నాడు.

ఇప్పటికీ ఆ షెడ్లలో అదే పద్ధతి. బిగించినవాడు ముందు కూచోవాలి. బండి తీసుకోడానికి వచ్చినవాళ్లు, "సిలారు కూచున్నాడా?" అని అడుగుతారు. "కూచున్నాడు, నిశ్చింతగా ఎక్కండి" అంటారు పనివాళ్లు. ఆ సిలారు ఎవరో అడిగేవాళ్లకీ తెలీదు, చెప్పేవాళ్లలో సగం మందికీ తెలీదు. అయినా ఆయన కూచోందే ఏ సీట్లోనూ ఎవరూ కూచోరు.